అచ్చియ్యమ్మ పేరున తగ్గిన నొప్పి

ఏరియా ఆసుపత్రిలో లేజరు కాంతితో మోకాళ్ల నొప్పి తీస్తారు గాని, తీసిన నొప్పిని దాచే చోటు వాళ్లకు లేదు. అందుకని ఎవరి నొప్పి వాళ్లు మూత ఉన్న గిన్నెలో పోయించుకుని ఇంటికి పట్టుకుపోవాలి. ఈ సంగతి పదహారో నెంబరు గది ముందు బోర్డు మీద రాసి ఉంటుంది. గిన్నె స్టీలుదై ఉండాలి, దాని మీద పేరు చెక్కి ఉండాలి. ప్లాస్టిక్ డబ్బాలోంచి నొప్పి చెమరుస్తుందని అనుభవం మీద తేలింది కాబట్టి వాటిని గుమ్మంలోనే వెనక్కి పంపేస్తారు.

మొదట్లో ఆసుపత్రి వాళ్లే నొప్పులన్నీ వెనకాల సామాన్ల కొట్లో పెట్టేవారు. కొట్టు గోడకు ఆనుకుని కూర్చునే ముగ్గురు గుమాస్తాలు నడుములు పట్టేసి సెలవు మీద వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరో కాలవలో పారబోశారు. దిగువ ఊళ్లలో మేతకొచ్చిన బాతులు రెండు వేలు వరసగా కుంటుకుంటూ గట్టెక్కాయి. పశువుల డాక్టరు నివేదిక రాశాక, నొప్పి అనేది తప్పనిసరిగా ఒక మనిషి పేరున, ఒక ఇంట్లో ఉండాలని నిబంధన వచ్చింది.

కూరాడలంక నుంచి కడలి వీరవేణి ఆ ఆసుపత్రికి వెళ్లేనాటికి ఆమె కుడి మోకాలు రెండేళ్లుగా మాట వినడం లేదు. ఆమెది పూతరేకుల పని. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట, ఎదురుగా జానెడెత్తు పీట, పక్కన పల్చటి బియ్యప్పిండి గిన్నె. పిండిలో ముంచిన గుడ్డను వేడి కుండ మీద ఒక్క లాగు లాగితే, కన్ను మూసి తెరిచేలోగా రేకు లేస్తుంది. ఆ పీట మీద మోకాళ్లు మడుచుకుని ముప్పై ఎనిమిదేళ్లు కూర్చుందామె. అది మొదట ఆమె అత్తగారు అచ్చియ్యమ్మ పీట; ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇద్దరూ వంతులేసుకుని కూర్చునేవారు. పోయిన దీపావళి నుంచీ వీరవేణి పీట మీద కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. కుర్చీ వేసుకుంటే చెయ్యి కుండకు అందదు. కుండ ఎత్తు చేస్తే మంట సరిపోదు.

గత్యంతరం లేక ఆమె మొగుడు అబ్బులు పీట ఎక్కాడు. అబ్బులు మంచివాడు. కొబ్బరి దింపు తీయడంలో, పడవ నడపడంలో చేయి తిరిగినవాడు. కుండ ముందు మాత్రం ఆయన లాగిన రేకులు తాటాకంత మందంగా వచ్చేవి. సరుకు పట్టుకెళ్లే కొట్టువాడు ఒక రేకు ఎత్తి వేళ్లతో కొట్టి చూశాడు.

"బాబాయ్, ఇయ్యి తినేవా, ఇంటి మీద నేసుకునేవా?"

"రెండింటికీ పనికొత్తాయ్, పట్టుకెళ్లు," అన్నాడు అబ్బులు, తల ఎత్తకుండా.

మంచం మీద కూర్చుని ఇది చూడటం వీరవేణికి మోకాలి పోటు కన్నా పెద్ద పోటైంది. ఆమెకు కావాల్సింది ఒక్కటే. ఆ పీట మీద మళ్లీ తనే కూర్చోవాలి, ఎవరూ చెయ్యి ఇవ్వకుండా లేవాలి.

ఆసుపత్రికి డబ్బా వెతికే దగ్గర ఆమె చాలా ఆలోచించింది. ఇంట్లో స్టీలు డబ్బాలకు కొదవ లేదు, అన్నిటి మీదా ఆమె పేరే ఉంది, కాని అన్నీ రేకులు పెట్టేవే. తినే వస్తువు పెట్టే డబ్బాలో నొప్పి పోయిస్తే కొనుక్కున్నవాళ్ల కాళ్లేమైపోవాలి? అటక మీద ఒక డబ్బా మిగిలి ఉంది. పదహారేళ్ల కిందట అచ్చియ్యమ్మ పోయినప్పుడు పెదకర్మనాడు ఊళ్లో ఇంటికొకటి చొప్పున పంచినవాటిలో ఆఖరిది. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది: కీ.శే. కడలి అచ్చియ్యమ్మ జ్ఞాపకార్థం. దాన్ని చింతపండేసి తోమి, గుడ్డసంచిలో పెట్టుకుని బయల్దేరింది.

గేటు దగ్గర చీటీ ఆమె పేరునే రాశారు. డాక్టరు గారు మోకాలు నొక్కి చూసి, చీటీ మీద 'అరుగుదల, నొప్పి ఎనిమిది' అని రాసి, పదహారో గదికి పంపాడు. అక్కడ ఫిజియోథెరపీ చేసే హెప్సిబా మేడం మళ్లీ అడిగింది.

"నొప్పి ఎంతుందమ్మా? సున్నా నుంచి పది దాకా చెప్పు."

"ఏ నొప్పండి? కూకున్నప్పటిదా, లెగిసినప్పటిదా?"

"రెండూ కలిపి చెప్పు."

"కలిపితే పది దాటిపోద్దండి."

దాటినదాన్ని రాయడానికి గడి లేదు కాబట్టి హెప్సిబా కూడా ఎనిమిదే వేసుకుంది. "లోపల గుజ్జు అరిగిపోయింది. అది తిరిగి రాదమ్మా, ముందే చెప్తున్నాను. నొప్పి తీస్తాం. తొడ కండ గట్టిపడటానికి ఎక్సర్‌సైజులు నేర్పుతాం. అవి మానేశావంటే మూత ఎంత బిగించినా లాభం లేదు."

వీరవేణి కళ్లకు ఆకుపచ్చ అద్దాలు పెట్టారు. పెన్నులాంటి దానితో మోకాలి చిప్ప చుట్టూ ఎర్రటి వెలుగు వేశారు. వేడి లేదు, చురుకు లేదు. అయిదు నిమిషాలకు చిప్ప పక్కనుంచి బియ్యం కడుగులాంటిది బొట్టు బొట్టుగా దిగి డబ్బాలో పడింది. చూస్తుండగా గంజిలా చిక్కబడింది. హెప్సిబా మూత పెట్టి, మూత మీద పేరు చూసి రిజిస్టరులో ఎక్కించుకుంది. మనుషులు తలో పేరు చెబుతారు, ఓటరు కార్డులో ఒకటి, ఇంట్లో పిలిచేది ఒకటి. గిన్నె మీద పేరైతే మారదని అక్కడి పద్ధతి. శ్రీ, శ్రీమతి, కీ.శే. వంటి గౌరవ పదాలు రాయకూడదని కూడా పద్ధతిలో ఉంది. అందుకని ఉత్త కడలి అచ్చియ్యమ్మ అని రాసింది.

"అచ్చియ్యమ్మ గారూ, ఎల్లుండి మళ్లీ రండి."

వీరవేణి తలూపింది. ఆమెకు అందులో వింతేమీ కనపడలేదు. కాపరానికి వచ్చిన రోజు నుంచీ ఊళ్లో అందరూ ఆమెను అచ్చియ్యమ్మ కోడలా అనే పిలుస్తున్నారు. పెద్ద చదువు చదివిన మనిషి కదా, పొడుగ్గా పిలవడానికి తీరికలేక సగంలో ఆపేసిందనుకుంది.

రోజు మార్చి రోజు పదిసార్లు వెళ్లొచ్చింది. బస్సులో కండక్టరు అందరికీ చెప్పేవాడు, నొప్పి గిన్నెలు సీటు కింద పెట్టకండి, ఒళ్లో పెట్టుకోండి అని. ఇంట్లో డబ్బా అటక మీద ఉండేది. ముసురు పట్టిన రోజున దాని మూత టకటకలాడేది. అబ్బులు పొత్రం తెచ్చి మూత మీద బరువు పెట్టాడు. పొద్దున్నే వీరవేణి మంచం మీద కాలు చాపి పైకెత్తుతుంటే పక్కన నిలబడి లెక్కపెట్టేవాడు కూడా. మేడం పది చెప్పింది. ఆయన తొమ్మిది అన్నాక మళ్లీ ఎనిమిది అనేవాడు.

"నీకు అంకెలు రావా?"

"కాలు కుదిరేదాకా రావు. ఎత్తు."

ఆరోసారికి ఆమె పీట మీద కూర్చుంది. పదోసారికి నొప్పి రెండుకు దిగిందని రాశారు. మర్నాడు పొద్దున్నే కుండ కింద మంటేసి, గుడ్డ ముంచి లాగింది. రేకు లేచింది. అబ్బులు దాన్ని వెలుతురుకు పట్టుకుని చూస్తే అవతల దండెం మీది చీర రంగు కూడా కనిపించింది. ఆయన రేకును తిరిగి జాగ్రత్తగా ఆమె చేతిలో పెట్టి, కొబ్బరాకులు తెస్తానని పెరట్లోకి వెళ్లి చాలాసేపు అక్కడే ఉన్నాడు.

నాలుగు రోజులకు ఆసుపత్రి నుంచి ధ్రువపత్రం వచ్చింది. కడలి అచ్చియ్యమ్మ, కుడి మోకాలు, నొప్పి ఎనిమిది నుంచి రెండు, పనితనం మెరుగు. దానికి ఇంకో కాగితం కుట్టి ఉంది. అచ్చియ్యమ్మ గారి ఉపశమనాన్ని ఆమె ఇంట్లో వేరెవరో వాడుకుంటున్నట్టు తెలియవచ్చినందున, పదిహేను రోజుల్లోగా తిరిగి అప్పగించవలెను, లేనిచో నొప్పి యథాస్థానంలో పోయబడును.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ కాగితమూ, సంచిలో డబ్బా పట్టుకుని రికార్డు గుమాస్తా లింగరాజు దగ్గరకు వెళ్లారు. లింగరాజు ఎవరినీ కసరని మనిషి. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు.

"అచ్చియ్యమ్మంటే మా అత్తండి. పోయి పదహారేళ్లయ్యింది," అంది వీరవేణి.

"ఆయ్, మూత మీద చూశానండి."

"పోయిన మనిషికి నొప్పి ఎలా తగ్గిద్దండి?"

"తగ్గిందండి. ఎనిమిది నుంచి రెండు. చాలా మందికి నాలుగు దగ్గర ఆగిపోద్ది. ఆవిడ అదృష్టవంతురాలు." లింగరాజు రిజిస్టరు తిప్పి చూపించాడు. "బతికున్న రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదండి ఆవిడ. పాత పుస్తకాలన్నీ చూశాను. ఇప్పుడు పదిసార్లు వచ్చారు."

వీరవేణి ఆ పేజీ కేసి చూస్తూ ఉండిపోయింది. నిజమే, అచ్చియ్యమ్మ ఎప్పుడూ రాలేదు. పొద్దు వాలాక ఇసుక వేయించి మూటకట్టి మోకాలికి కాపడం పెట్టించుకునేది. పళ్ల బిగువున పెట్టించుకునేది. ఆసుపత్రికి ఎల్దాం అత్తా అంటే ఒకటే మాట: 'ఈ గిన్నె పిండి అయిపోనీయ్, ఎల్దాం.' ఆ గిన్నె ఎప్పుడూ అయిపోలేదు. ఎంతుంది నొప్పి, పదికి ఎంత, అని ఆవిణ్ణి అడిగినవాళ్లు లేరు. ఆవిడ పోయిన రోజున కుండ ఇంకా వెచ్చగానే ఉంది. కాగితం మీదైనా ఆవిడకు తగ్గిందంటే వీరవేణికి ఎక్కడో చల్లగా అనిపించింది. కాని పీట సంగతి?

"దీనికి దారి లేదా బాబూ?"

"ఎందుకు లేదండి. వారసత్వం ఉంది. ఆవిడ ఉపశమనం ఆవిడ వారసులకు వస్తుంది."

పంచాయతీ నుంచి కుటుంబ సభ్యుల పత్రం తెచ్చారు. అందులో కొడుకులకు గడి ఉంది, కూతుళ్లకు ఉంది. కోడలికి లేదు. అచ్చియ్యమ్మకు లేకలేక పుట్టినవాడు అబ్బులొక్కడే కాబట్టి చిక్కు లేకుండా మొత్తం ఆయనకే వచ్చింది. లింగరాజు పదకొండూ నలభైకి స్టాంపు వేశాడు. స్టాంపు కాగితానికి తగలగానే వీరవేణి మోకాలు జివ్వుమంది. సంచిలో డబ్బా ఖాళీ అయి తేలిపోయింది.

అబ్బులుకు అరవై రెండేళ్లొచ్చినా కాళ్లలో పిసరంత నొప్పి లేదు. లేని నొప్పికి తగ్గింపు వచ్చి చేరేసరికి ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. కుర్చీలోంచి లేవబోయి గేటు దాకా వెళ్లిపోయాడు. పెళ్లాం లోపలే ఉందని గుర్తొచ్చి మళ్లీ వచ్చాడు. ఇంటికి చేరాక మూడు రోజులు కూర్చోలేదు. పొద్దున రేవుకెళ్లి రావడం నాలుగుసార్లు. చేల గట్లన్నీ దూకడం. కొబ్బరిచెట్టెక్కి, దిగి, ఎందుకెక్కాడో తెలియక మళ్లీ ఎక్కడం. వీరవేణి మంచం మీద కూర్చుని చూసేది. పీట గోడకు జారేసి ఉంది.

నాలుగో రోజు చెట్టు మీదనుంచే ఆయన అన్నాడు, "నీ కాలు నేనేసుకుని తిరుగుతున్నట్టుందే. సిగ్గుగా ఉంది నాకు."

"ముందు దిగు. జనం చూత్తన్నారు."

"దిగితే మళ్లీ ఎక్కాలనిపిత్తంది."

"అయితే అక్కడే ఉండి ఇను. నీకొద్దని రాసిచ్చెయ్యి."

ఆ ఉపాయం ఆమెదే. మర్నాడు అబ్బులు తల్లి ఉపశమనం తనకు అక్కర్లేదని వదులుకోలు పత్రం రాసి, లింగరాజు ముందు నిలబడే సంతకం పెట్టాడు. కూర్చుని పెట్టడం ఆయనకు చేతకాలేదు. స్టాంపు పడ్డాక ఆయన పెద్దగా ఊపిరి వదిలి, అయిదు రోజుల్లో మొదటిసారి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇప్పుడు ఇది తిరిగి అచ్చియ్యమ్మ గారికి వెళ్లిపోయిందండి. ఏడు రోజుల్లో ఆవిడ స్వయంగా వచ్చి తీసుకోవాలి," అన్నాడు లింగరాజు.

"మా అమ్మ ఎలా వత్తదండి?" అన్నాడు అబ్బులు నీరసంగా. "చచ్చిపోయినట్టు కాగితం కూడా ఉంది కదా."

లింగరాజు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు వాళ్ల మీద జాలి కలిగింది. "అదేనండి నేనూ ఆలోచిస్తన్నాను. పోయినట్టు కాగితం ఒకటి. వచ్చినట్టు హాజర్లు పది. పది పెద్దా, ఒకటి పెద్దా? మా ఆఫీసు లెక్కన ఆవిడ లేరనడానికి లేదు." ఆయన వీరవేణి వైపు తిరిగాడు. "పదిసార్లూ ఆ బల్ల మీద పడుకుంది ఎవరండి?"

"నేనేనండి."

"మరి ఆవిడెవరో తెలిసిపోయింది కదా."

లింగరాజు పెద్ద మనసుతో ఇంకో పరీక్ష కూడా చేశాడు, వేలిముద్ర యంత్రం తెప్పించి. వీరవేణి పది వేళ్లూ పెట్టింది. యంత్రం ఏ వేలునూ పట్టుకోలేదు. ముప్పై ఎనిమిదేళ్లు వేడి కుండ మీద గుడ్డ లాగి లాగి, రేకు ఒలిచి ఒలిచి, వేళ్ల కొసల మీద గీతలన్నీ చదునైపోయాయి. లింగరాజు వాళ్లు వారసత్వానికి ఇచ్చిన కాగితాల కట్టలోంచి అచ్చియ్యమ్మ పాత రేషను కాగితం తీశాడు. ఆవిడ వేలిముద్ర ఉండాల్సిన చోట నున్నటి సిరా మచ్చ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"సరిపోయాయండి," అన్నాడు.

"మరి మా ఆవిడ?" అన్నాడు అబ్బులు. "వీరవేణి?"

"గేటు దగ్గర చీటీ ఉందండి ఆవిడ పేరున. పదహారో గదికి మాత్రం ఎప్పుడూ చేరలేదు. నొప్పి ఎనిమిదికెనిమిది అలాగే ఉంది, పాపం."

అబ్బులు పెళ్లాం ముఖంలోకి చూశాడు. ఆమె ఒళ్లోని డబ్బా మూత మీద చుక్కల్ని వేలితో తడుముతోంది. అచ్చియ్యమ్మ వెనకాల నిలబడి పని నేర్చుకుంది, ఆవిడ పీట మీద కూర్చుంది, ఆవిడ మోకాలే తనకూ వచ్చింది. మిగిలింది పేరే.

"రాసుకోండి బాబూ," అంది. "నేనే అచ్చియ్యమ్మని."

స్టాంపు పడింది. మోకాలు తేలికైంది, ఒళ్లో డబ్బా బరువెక్కింది. ఆమె ఎవరి చెయ్యీ అడక్కుండా లేచి నిలబడింది.

ఆ లెక్కన ఆమెకు తొంభై ఒక్కేళ్లు. తొంభై ఒక్కేళ్ల వయసులో పీట మీద కూర్చుని లేస్తున్న మహిళ అని హెప్సిబా మేడం ఆమె ఫొటో తీసి పదహారో గదిలో గోడకు పెట్టింది. వచ్చినవాళ్లంతా చూసి ధైర్యం తెచ్చుకుంటున్నారు. రేషను కార్డులో అబ్బులు ఆమెకు కొడుకయ్యాడు.

"ఇక నిన్ను అమ్మా అనాలా ఏంటే?" అన్నాడు బస్సులో, డబ్బా తన ఒళ్లో పెట్టుకుని.

"ఆఫీసులో అను. ఇంట్లో ఎప్పట్లాగే ఒసే అను, పలుకుతాను."

ఆయన ఎంతో ఆలోచించి, రెండూ అనకుండా ఆమె పేరు పెట్టి పిలిచాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఎవరైనా విన్నారేమోనని ఇద్దరూ ముందు సీటు వైపు చూశారు.

వానాకాలం మొదలయ్యాక ఒక పొద్దుట ఆశా కార్యకర్త జాబితా పట్టుకుని వీధి వెంట వచ్చింది. కొత్తగా వచ్చిన పిల్ల, ఎవరెవరో తెలీదు. కుండ ముందున్న మనిషిని చూసి గుమ్మంలో ఆగింది.

"అచ్చియ్యమ్మ గారంటే మీరే కదండి? ఫొటో చూశాను. వీరవేణి అని మీ కోడలా?"

వీరవేణి గుడ్డ లాగింది. రేకు లేచింది. "ఆయ్, మా కోడలే."

"నొప్పి ఎనిమిది అని రాసుంది. చీటీ రాయించుకుని లోపలికి రాలేదంట. ఎందుకు రాలేదండి?"

అటక మీద డబ్బా మూత ఒకసారి టకటకమని ఊరుకుంది. ఆమె పక్కనున్న గిన్నెలోకి చూసింది. అడుగున ఇంకో పది రేకులకు సరిపడా పిండి ఉంది.

"ఈ గిన్నె పిండి అయిపోనీయమ్మా," అంది. "పంపిత్తాను."

ఆశా అమ్మాయి తలూపి జాబితాలో టిక్కు పెట్టుకుంది. రాని కారణాల్లో 'తీరిక లేదు' అనే గడి అచ్చువేసే ఉంది. ఆ గడిలో ఆ వీధి మొదటి ఇంటి నుంచీ టిక్కులే ఉన్నాయి. ఆమె పక్కింటికి వెళ్లింది. లోపల్నుంచి అబ్బులు ఇంకో గిన్నెడు పిండి కలిపి తెచ్చి, ఒలికిపోకుండా నెమ్మదిగా, పీట పక్కన పెట్టాడు.